ఆ సంచిలో మన బంతులెన్ని?

ఒక సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నల్ల బంతులు వున్నాయి. చూడకుండా రెండు బంతులు తీస్తే రెండూ నల్లవే అయ్యే అవకాశం ఎంత? ఇంజనీరింగ్ రెండో యేడు చదివే పిల్లల్ని ఎవర్నైనా అడగండి, 28లో 3 అని టక్కున చెబుతారు. ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్లో మొదటి పాఠం ఆ సంచే. కానీ ఆ సంచిలో బంతులు ఎవరు వేశారు, తీసేవాడు నిజంగా కళ్ళు మూసుకునే తీస్తున్నాడా, లేక వేళ్ళతో తడిమి చూసి ఎర్రవే ఏరుకుంటున్నాడా అని మాత్రం ఏ క్లాసులోనూ అడగరు. అడిగితే సిలబస్ కాదంటారు.

నేను ఈ పేపరు రెండుసార్లు తప్పాను. సిగ్గుపడాల్సిన సంగతేం కాదు గనక చెబుతున్నాను. తెలుగు మీడియంలో చదివొచ్చినవాణ్ణి, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. తప్పడానికి అవి సగం కారణాలు. మిగతా సగం ఒక రోజు క్లాసులో జరిగింది. సారు బోర్డు మీద గంట ఆకారంలో నార్మల్ కర్వ్ గీశాడు. "ఏ క్లాసు తీసుకున్నా ఎక్కువమంది మధ్యలో వుంటారు, కొందరు కుడి చివర వుంటారు, కొందరు ఎడమ చివర వుండక తప్పదు. ఇది ప్రకృతి నియమం. కోటాలో వచ్చినవాళ్ళు దీనికి బాధపడకూడదు" అని ఆ ఎడమ తోక మీద చాక్‌పీసుతో రెండుసార్లు కొట్టాడు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో నలుగురం వున్నాం. నలుగురం తలొంచుకున్నాం. కోపం రాక కాదు, లెక్క రాక. ఆయన చెప్పింది లెక్కల ప్రకారమే తప్పని అప్పుడు మాకు తెలీదు. తెలిసుంటే అక్కడే లేచి చెప్పేవాళ్ళం. ఆ జవాబు ఇప్పుడు, ఇన్నేళ్ళు ఆలస్యంగా, ఈ పేజీల్లో చెబుతున్నాను. మన పిల్లలు ఇంకా వెనక బెంచీల్లోనే వున్నారు గనక ఆలస్యమైనా పనికొస్తుందనుకుంటాను.

మన పిల్లలు ఈ పేపరు ఎలా చదువుతారో అందరికీ తెలిసిందే. పరీక్షకి పది రోజుల ముందు ఆల్ ఇన్ వన్ కొంటారు. సీనియర్లు గుర్తుపెట్టిన ఇంపార్టెంట్లు బట్టీ పడతారు. బేయస్ థీరమ్ ఒక లెక్క, బైనామియల్ ఒక లెక్క, పాయిసాన్ ఒక లెక్క, టీ-టెస్టు ఒకటి. టేబుల్ చూడ్డం వస్తే చాలు, గట్టెక్కొచ్చు. గట్టెక్కకపోతే బ్యాక్‌లాగు. బ్యాక్‌లాగు వుంటే క్యాంపస్‌కొచ్చిన కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. సబ్జెక్టులు పేరుకుపోతే డిటెయిన్. డిటెయిన్ అయితే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగుతుంది, ఊళ్ళో అప్పు మొదలవుతుంది. కాబట్టి ముందు పాసవ్వాలి, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పాసైనాక పుస్తకం పాతకాగితాలవాడికి వేస్తున్నారే, అక్కడే నాకు పేచీ. నాలుగేళ్ళ ఇంజనీరింగులో థర్మోడైనమిక్సూ, సర్క్యూట్లూ బతుకు తెరువుకి పనికొస్తే రావచ్చు. మన మీద జరుగుతున్న అన్యాయాన్ని కొలిచే కొలబద్ద మాత్రం ఈ ఒక్క పేపర్లోనే వుంది. దాన్ని మనం 35 మార్కులకి అమ్ముకుంటున్నాం.

"లెక్కలు మనకి అబ్బవు" అనే మాట మనవాళ్ళే అంటుంటారు. వినీ వినీ నోటికొచ్చిన మాట అది. వానాకాలం కూలి దొరకని రోజుల్లో మా గూడెంలో అమ్మలక్కలు అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. నాలుగు చింతగింజలు తీసుకుని ఒక పక్క బండ మీద తెల్లగా అయ్యేదాకా అరగదీస్తారు. నాలుగూ కలిపి విసిరితే ఎన్ని తెల్లముఖం పైకి పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెల్లవైతే చెమ్మ, నాలుగూ నల్లవైతే అష్ట. అష్టా చెమ్మా ఎందుకంత అరుదు, రెండు ఎందుకు మాటిమాటికీ పడుతుంది? గింజ రెండు వైపులా సమానంగా పడేదైతే 16 రకాలుగా పడొచ్చు. అందులో అష్టకి ఒక్కటే, చెమ్మకి ఒక్కటే, రెండుకి మాత్రం ఆరు దారులు. ఒకటికీ మూడుకీ నాలుగేసి. అదే బైనామియల్ డిస్ట్రిబ్యూషన్. మా అమ్మమ్మకి ఆ పేరు తెలీదు, అయినా ఏ కాయ ఎప్పుడు కదపాలో, ఏ పందానికి తెగించకూడదో బాగా తెలుసు. ఎవరైనా కొత్త గింజలు తెస్తే నాలుగుసార్లు విసిరి చూసి "ఇయ్యి సాపు గింజలు కావు" అని పక్కన పెట్టేది. హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఈ గింజలతోనే నాకు పాఠం చెప్పాడు. మూడోసారి అలా పాసయ్యాను.

ఇక ఆ గంట సంగతి. నార్మల్ కర్వ్ దేవుడు గీసిన గీత కాదు, దానికి షరతులున్నాయి. చిన్న చిన్న కారణాలు చాలా వుండాలి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేయాలి, ఏ ఒక్కటీ మిగతావాటిని మింగేంత పెద్దది కాకూడదు. అవన్నీ కలిసినప్పుడు గంట ఆకారం వస్తుంది. సెంట్రల్ లిమిట్ థీరమ్ చెప్పేది ఇదే, అదీ సిలబస్‌లోదే. మరి మన దేశంలో ఒక క్లాసు మార్కులు ఎలా తయారవుతాయి? కులం అనేది చిన్న కారణమా? భూమి లేకపోవడం, ఊరిబడి, తెలుగు మీడియం, కోచింగుకి డబ్బు లేకపోవడం, వాడలో కరెంటు, తిండి, ఇవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివా? ఒకే మొద్దుకి మొలిచిన కొమ్మలు గదా! అలాంటి చోట వచ్చే బొమ్మకి రెండు మూపురాలుంటాయి, కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళది ఒకటి, హాస్టళ్ళ నుంచి వచ్చినవాళ్ళది ఒకటి. రెండిటికీ మధ్యలో పడే క్లాసు సగటు దగ్గర ఒక్క మనిషీ వుండకపోవచ్చు. ఆ బొమ్మ మీద గంట బోర్లించి "ప్రకృతి" అంటే అది లెక్క కాదు, మనుధర్మానికి గ్రాఫ్ పేపరు తొడగడం.

ఈ తొడుగు పని కొత్తదేం కాదు. నక్షత్రాలు కొలిచేటప్పుడు వచ్చే తప్పుల కోసం వాడిన గీతని తీసుకొచ్చి మనుషుల మీద పరిచింది బెల్జియం దేశపు కెట్లే, 1835లో. "సగటు మనిషి" అనేవాణ్ణి పుట్టించింది ఆయనే. తర్వాత ఇంగ్లండులో గాల్టన్ 1869లో ప్రతిభ వంశపారంపర్యమని పుస్తకం రాశాడు. పై జాతివాళ్ళు ఎక్కువ పిల్లల్ని కనాలి, కిందివాళ్ళు తగ్గాలి అనే యూజెనిక్స్‌కి 1883లో పేరు పెట్టింది కూడా ఆయనే. మన సిలబస్‌లో వున్న రెగ్రెషన్ అనే మాట ఆయన చేతి చలవే. కోరిలేషన్ లెక్కకీ, కై-స్క్వేర్ టెస్టుకీ పేరు తెచ్చిన కార్ల్ పియర్సన్, ఎఫ్-టెస్టులో ఎఫ్ అనే అక్షరం ఎవరి పేరు మీద వుందో ఆ ఫిషర్, ఇద్దరూ ఆ బాటలో నడిచినవాళ్ళే. లండన్ యూనివర్సిటీ కాలేజీ తన భవనాలకున్న గాల్టన్, పియర్సన్ పేర్లని 2020లో తీసేసింది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ సంగతి ఒక్క వాక్యం కూడా వుండదు. అందరూ అలాంటివాళ్ళని కాదు. టీ-టెస్టు కనిపెట్టిన గాసెట్ సారాయి బట్టీ లాంటి చోట, గిన్నెస్ బీరు ఫ్యాక్టరీలో నౌకరీ చేసేవాడు. సొంత పేరుతో అచ్చేయడానికి కంపెనీ ఒప్పుకోకపోతే 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో వేసుకున్నాడు. విద్యార్థి అనే పేరుతో పుట్టిన పరీక్ష అది, అందుకే నాకది కొంచెం ఇష్టం.

మన దగ్గర ఏం జరిగింది? రిస్లీ అనే తెల్ల అధికారి జనాల ముక్కులు కొలిచాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సంఘంలో హోదా తగ్గుతుందని సూత్రం కట్టాడు. అతనే 1901 జనాభా లెక్కలకి పెద్ద. ఈ ముక్కు లెక్కల్ని పట్టుకుని "అంటరానివాళ్ళది వేరే జాతి, అందుకే వేరుగా వున్నారు" అని వాదించేవాళ్ళు వుండేవారు. దానికి అంబేడ్కర్ ఏం చేశాడు? కొలతలు పాపం అని పుస్తకం మూసేయలేదు. అంటరానివాళ్ళు ఎవరు అనే ప్రశ్న మీద 1948లో వేసిన పుస్తకంలో అవే ముక్కు కొలతల పట్టికలు తెరిచాడు. ఒక్కో రాష్ట్రంలో బ్రాహ్మడి కొలతా, అంటరానివాడి కొలతా పక్కపక్కన పెట్టాడు. ఇద్దరిదీ వేరే జాతి అని ఈ అంకెలు చెప్పడం లేదు, బ్రాహ్మడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, బ్రాహ్మడు ద్రావిడుడైతే వీడూ ద్రావిడుడే అని తేల్చాడు. వాళ్ళ కత్తి వాళ్ళకే తిప్పి పెట్టడం అంటే అదీ. ఆయన ఆర్థికశాస్త్రం చదివినవాడు, పట్టిక చూస్తే భయపడేవాడు కాదు. బాబాసాహెబ్ బొమ్మ హాస్టల్ గదిలో పెట్టుకుని స్టాటిస్టిక్స్ పుస్తకం చూసి పారిపోతే ఎలా తమ్ముళ్ళూ?

మెరిట్ సంగతికొద్దాం. 1990లో మండల్ మీద గోల చేసినప్పుడు రోడ్లు ఊడ్చి, బూట్లు తుడిచి "మా మెరిట్‌కి ఈ గతి పడుతుంది" అని నిరసన చూపించారు. రోజూ ఊడ్చేవాళ్ళకి మెరిట్ లేదని చెప్పకనే చెప్పడం అది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒకటే పాట, మార్కంటే మార్కే, దాన్ని ముట్టుకోకూడదు అని. మరి ఇప్పుడు ఎంసెట్, అదే ఈఏపీసెట్, కంప్యూటర్ మీద విడతలు విడతలుగా పెడుతున్నారు గదా. పొద్దున విడత పేపరు తేలిగ్గా వుండొచ్చు, మధ్యాహ్నం పేపరు కష్టంగా రావచ్చు. అప్పుడేం చేస్తున్నారు? నార్మలైజేషన్ చేస్తున్నారు. ఆ విడత సగటు, స్టాండర్డ్ డీవియేషన్, పై వరసలో వున్నవాళ్ళ మార్కుల సగటు తీసుకుని, మొత్తం పరీక్ష అంకెలతో పోల్చి మార్కులు సరిదిద్దుతారు. కష్టం పేపరొచ్చినవాడికి పెరుగుతాయి, తేలిక పేపరొచ్చినవాడికి తగ్గుతాయి. ఒక్క తల్లీ తండ్రీ దీన్ని మెరిట్‌కి ద్రోహం అనలేదు. పైగా చేయకపోతే కోర్టుకెళతారు. మూడు గంటల పేపరు కాస్త కష్టమైతే దిద్దుబాటు న్యాయం. మూడు తరాల పేపరు కష్టమైతే దిద్దుబాటు "రాయితీ"! మన సారుకి ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబు ఇదే. ఒక విద్యార్థి మార్కులు అతని విడత కష్టంతో కలిపి చూడకపోతే ఆ అంకెకి అర్థం లేదని మీ శాస్త్రమే చెబుతోంది సారూ.

ఇక్కడ ఒక మాట. రిజర్వేషన్ అంటే వట్టి నార్మలైజేషనే అని నేను అనడం లేదు. అది అధికారంలో, చదువులో, కొలువులో మన వాటా. మార్కుల దిద్దుబాటు అయిపోతే వాటా అడగకూడదనే వాదన రేపు ఎవడైనా తేగలడు, జాగ్రత్త. మెరిట్ పేరుతో నోరు మూయించేవాడికి మాత్రం ఈ పోలిక చాలు.

కేటాయించిన వాటా కూడా ఎంతో లెక్కేసి చూశారా? ఎస్సీలకి 15 శాతం అంటారు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం. కులాల రిజర్వేషన్ ఆ 70లోనే. 70లో 15 శాతం అంటే మొత్తం సీట్లలో పదిన్నర శాతం. 60 సీట్ల సెక్షన్లో ఆరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో మనం 16.4 శాతం. అదే సెక్షన్లో 18 సీట్లు మేనేజ్‌మెంటువి. ఆరు సీట్ల వల్ల చదువు ప్రమాణాలు పడిపోయాయని ఏడ్చేవాడు పద్దెనిమిది సీట్ల గురించి ఎందుకు మాట్లాడడు? ఇది పెద్ద గణితం కాదు, కండిషనల్ ప్రాబబిలిటీ మొదటి లెక్క. సంచి లోపల ఇంకో సంచి వుంది, మన బంతులు లోపలి సంచిలోనే వేశారు.

వేళ్ళతో తడిమి తీస్తున్నాడా అనే ప్రశ్న మొదట్లో వేశాను గదా. దాన్ని కోర్టులో లెక్కతో తేల్చిన సంగతి ఒకటుంది, అమెరికాలో. టెక్సాస్ రాష్ట్రం హిడాల్గో కౌంటీలో జనాభాలో 79.1 శాతం మెక్సికన్ మూలాల వాళ్ళు. అక్కడ నేరాభియోగాలు విచారించే గ్రాండ్ జ్యూరీకి 11 యేళ్ళలో 870 మందిని పిలిచారు. అందులో మెక్సికన్ పేర్లవాళ్ళు 339 మందే. కళ్ళు మూసుకుని తీసుంటే ఎంతమంది రావాలి? 870లో 79.1 శాతం, అంటే 688. అదృష్టం వల్ల అటూ ఇటూ ఊగడం సహజమే, ఎంత ఊగుతుందో చెప్పేదే స్టాండర్డ్ డీవియేషన్. ఇక్కడ అది 12. మామూలుగా రెండు మూడు డీవియేషన్లు దాటితేనే అనుమానించాలి. ఇక్కడ తేడా 349, అంటే 29 డీవియేషన్లు! ఇది కాకతాళీయం అనుకోవడానికి వున్న అవకాశం, ఒకటి పక్కన 140 సున్నాలు పెడితే ఎంతో అంతలో ఒకటి కన్నా తక్కువ. 1977లో కాస్టనేడా వర్సెస్ పార్టీడా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ లెక్కని తీర్పులో రాసుకుంది. వివక్ష వుందని పైకి కనపడుతోంది, లేదని రుజువు చేసుకునే భారం ఇక అధికారులదేనంది. వాడిన సూత్రం మన రెండో యేటి పుస్తకంలో వున్న బైనామియలే, వేరే ఏం కాదు.

ఆదివారాలు మేం ఒక సంక్షేమ హాస్టల్లో పిల్లలకి ఈ పాఠం చెబుతుంటాం. ఒక అమ్మాయి నాలుగు చింతగింజలు 200 సార్లు విసిరి రాసుకొచ్చింది. మొత్తం 800 పడితే తెల్లముఖం 452 సార్లు. 400 రావాలి, డీవియేషన్ 14, తేడా 52. మూడున్నర దాటింది. "అన్నా, గింజలు సాపు కావు" అంది. అమెరికా సుప్రీంకోర్టు చేసిన లెక్క అదే, మా అమ్మమ్మ అన్న మాటా అదే.

ఇప్పుడు మీ కాలేజీకి రండి. 30 మంది అధ్యాపకులున్న శాఖలో దళితుడు ఒక్కడూ లేడనుకోండి. జనాభాలో మనం 16 శాతం, కళ్ళు మూసుకుని తీస్తే 30లో ఒక్కడూ రాకపోయే అవకాశం 0.84ని 30 సార్లు హెచ్చవేస్తే వస్తుంది. దాదాపు 190లో ఒకసారి. ఇంతటితో సంబరపడొద్దు. అవతలి వకీలు లేచి, "జనాభా శాతం ఎందుకు తీసుకున్నావు, ఆ ఉద్యోగానికి చదువున్నవాళ్ళలో మీ శాతం తీసుకో" అంటాడు. సరే, అందులో మనం 8 శాతమే అనుకుందాం. అప్పుడు 12లో ఒకసారి అలా జరగొచ్చు. ఒక్క శాఖే అయితే యాదృచ్ఛికం అని అతను తప్పించుకోగలడు. అదే కాలేజీలో అలాంటి శాఖలు ఐదున్నాయి, ఐదిట్లోనూ సున్నాయే, ఏ శాఖకాశాఖ విడిగా తీసుకుంటోంది అంటే? రెండు లక్షల డెబ్బై వేలల్లో ఒకటి. అతని అంకెతోనే అతనికి జవాబు. మన వాదనకి ఎదుటివాడి వాదన ముందే తెలిసుండాలి. నినాదం ఒక్కటే తెలిస్తే చాలదు.

పేరు చూసి పక్కన పడేస్తారనేది కూడా మన ఊహ కాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటివెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే చదువు, ఒకే అనుభవం వున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేరు ఒక్కటే. 66 వారాల్లో 548 ప్రకటనలకి 4,808 దరఖాస్తులు. పిలుపొచ్చినవాటికీ రానివాటికీ వుండే నిష్పత్తి అగ్రకుల పేరుకి 100 అనుకుంటే, దళిత పేరుకి 67, ముస్లిం పేరుకి 33. 2007లో అచ్చయింది. ఇక్కడ మెరిట్ సమానం. రిజర్వేషన్ లేదు. ఇంటిపేరు ఒక్కటే వేరు. నల్ హైపోతిసిస్ అని పుస్తకంలో చదువుతారు గదా, "తేడా ఏమీ లేదు" అనే ఊహ. అగ్రకుల పెద్దమనిషి "ఇప్పుడు కులం ఎక్కడుందండీ" అంటాడే, అదే ఆ నల్ హైపోతిసిస్. దాన్ని పరీక్షకి నిలబెట్టి కొట్టిపారేయడం నేర్పే పేపర్ని మనం సప్లీలో రాస్తున్నాం.

ఈ శాస్త్రం మన మొహం మీద కూడా అద్దం పెడుతుంది. మన పత్రికల్లో, కరపత్రాల్లో అంకెలు ఎలా వేస్తున్నాం? 2023 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభకి ఒక జవాబిచ్చింది. ఐదేళ్ళలో సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13 వేలకి పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలోనే వెళ్ళిపోయారని. మనం ఆ అంకెని పెద్దక్షరాలతో వేసుకున్నాం. ఎంతమంది చేరితే 13 వేలు? అదే కాలంలో జనరల్ వాళ్ళు ఎంతమంది వెళ్ళిపోయారు? వేరే సంస్థలో మంచి సీటొచ్చి వెళ్ళినవాళ్ళెందరు, వేధింపుకి తట్టుకోలేక వెళ్ళినవాళ్ళెందరు? ఇవి అడక్కుండా పై అంకె ఒక్కటే పట్టుకుంటే ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో మన చేతిలోంచి లాగేస్తాడు. బాధ నిజమే, కానీ లెక్క సగమే. కింద అంకె లేని పై అంకె ఒంటికాలి కుర్చీ.

ఇంకొకటి, చెబితే కొందరికి కోపమొస్తుంది. సగటు అనేది దాచిపెడుతుంది కూడా. ఎస్సీలందర్నీ ఒకే డబ్బాలో వేసి 15 శాతం నిండింది అంటే లోపల ఎవరికెంత అందిందో కనపడదు. 1994లో మాదిగ దండోరా అడిగింది అదే గదా, డబ్బా తెరవండి, విడివిడిగా లెక్క చూపండి అని. 2000లో చట్టమొచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందంది, 2025లో రెండు రాష్ట్రాలూ అమలుకి తెచ్చాయి. ముప్ఫై యేళ్ళు పట్టింది. నేను మాలల ఇంట పుట్టినవాణ్ణి. ఆ రోజుల్లో మా పెద్దలు "మనల్ని చీలుస్తున్నారు" అన్నప్పుడు నేనూ తలూపాను. ఈ పేపరు సరిగా చదివాక వూపలేకపోయాను. అగ్రకులాలవాడితో మనం ఏ కొలబద్దతో మాట్లాడతామో మన ఇంట్లో కూడా అదే కొలబద్ద వాడాలి. రెల్లి, డక్కలి, మాస్టీ పిల్లలు ఇంజనీరింగులో ఎందరున్నారో మాలా మాదిగా ఇద్దరమూ కలిసి లెక్క తీయాల్సే వుంది.

లెక్క అనగానే జనగణన గుర్తొస్తుంది. 1931 తర్వాత ఈ దేశంలో అన్ని కులాల లెక్క పూర్తిగా బయటికి రాలేదు. 1951 నుంచి ఎస్సీ ఎస్టీలని మాత్రం ప్రతిసారీ లెక్కపెట్టారు. అంటే కొలబద్ద ఎప్పుడూ మన మీదే. మిగతావాళ్ళు "జనరల్" అనే దుప్పటి కింద హాయిగా పడుకున్నారు. సంచిలో నల్ల బంతులు ఎన్నో తెలుసు, ఎర్రవి ఎన్నో, అవి ఎవరెవరివో చెప్పరు. ఇక ఎవడు ఎంత తిన్నాడో ఎలా తేలుతుంది? బీహార్ 2023లో లెక్క బయటపెట్టింది, అక్కడ జనరల్ అనేవాళ్ళు 15.52 శాతమే అని తేలింది. తెలంగాణ 2024లో ఇంటింటి సర్వే చేసింది. 2025 ఏప్రిల్ 30న కేంద్రం కూడా రాబోయే జనగణనలో కులం రాస్తామంది. రాసే చెయ్యి ఎవరిది, పట్టికలు కట్టేది ఎవరు, ఏ పట్టిక అచ్చేయాలో ఏది బీరువాలో పెట్టాలో నిర్ణయించేది ఎవరు? 2011లో సేకరించిన కుల వివరాలు బీరువాలోనే వుండిపోయాయి. ఆ పట్టికలు అర్థం చేసుకోగల పిల్లలు మన వాడల్లో వెయ్యిమంది తయారుకాకపోతే, లెక్క తీసినా దాన్ని చదివి చెప్పేది మళ్ళీ వాళ్ళే.

డేటా సైన్స్ అనీ, ఏఐ అనీ మన పిల్లలు ఇప్పుడు వేలకి వేలు పోసి కోర్సుల్లో చేరుతున్నారు. దాని అడుగున వున్నది ఈ పేపరే అని ఎవరూ చెప్పరు, చెబితే కోర్సు అమ్ముడుపోదు. వుద్యోగం కోసం చదివినా మంచిదే, నేను కాదనను. దరఖాస్తులు వడపోసే యంత్రానికి పాత లెక్కలే మేత. పాత లెక్కలో 67 వుంటే యంత్రం కూడా 67 అనే నేర్చుకుంటుంది. అది పట్టుకోగలవాడు ఆ గదిలో ఒక్కడైనా మనవాడుండాలి గదా.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పక్షం ఒక పని చేయండి. మీ కాలేజీలో మీ బ్రాంచి తీసుకోండి. మొత్తం సీట్లెన్ని, కన్వీనర్ కోటాలో ఎన్ని, మనవి ఎన్ని నిండాయి, రెండో యేడు ఎంతమంది డిటెయిన్ అయ్యారు, అందులో మనవాళ్ళెందరు, మిగతావాళ్ళెందరు. రెండూ రాయండి, ఒకటి రాసి ఒకటి వదలొద్దు. అధ్యాపకుల లెక్క కూడా అలాగే. ప్రభుత్వ కాలేజీ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ప్రైవేటుదైతే నేరుగా ఇవ్వరు, అనుబంధం ఇచ్చిన యూనివర్సిటీని అడగండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. ఏ యేటివో, ఎక్కణ్ణుంచి తీసుకున్నారో పక్కన రాయండి. పత్రికకి పంపండి. వచ్చినవన్నీ ఒకచోట వేసి, ఎన్ని డీవియేషన్ల తేడా వుందో మన ఆదివారం క్లాసు పిల్లలే కట్టి చూపిస్తారు. చింతగింజలు విసిరిన ఆ అమ్మాయి ఇప్పటికే తన కాలేజీది మొదలుపెట్టింది, మొదటి యేడు రిజిస్టర్ చూపించడానికి ఆఫీసువాళ్ళు మూడుసార్లు తిప్పారట.